జేఆర్డీ టాటా విమానం.. మన పోరగాండ్ల సదువు

ఇండియా మ్యాపు ముందటేసుకోండ్రి. చెన్నై మీద ఒక చుక్క, నాగపూర్ మీద ఒక చుక్క పెట్టి స్కేలుతోని సక్కగ గీత గీయుండ్రి. ఆ గీత మన జమ్మికుంట, పెద్దపల్లి, ఆసిఫాబాద్ దగ్గరికెల్లి పోతది. మంచిర్యాల జెర పక్కకుంటది. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు పట్టాలది కూడ దాదాపు గదే తొవ్వ.

1949ల సర్కారు రాత్రిపూట విమానాలల్ల టపా పంపుడు షురూ చేసింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు.. నాలుగు దిక్కులకెల్లి విమానాలు వచ్చి అర్ధరాత్రి నాగపూర్ల కలుసుకునేటియి. సంచులు మార్చుకొని తెల్లారేసరికి ఎవల జాగకు వాళ్లు పోయేటోళ్లు. మద్రాసు నుంచి నాగపూర్‌కు సక్కటి తొవ్వంటే మన జిల్లాల మొగులే. అప్పుడు మన ఊర్లల్ల కరెంటు లేదు. కింద ఒక్క దీపం కనవడది, పట్టాలు కనవడయి. అసొంటి చీకట్ల పైలట్ ఎట్ల పోయేటోడు? కండ్ల ముందటి మీటర్లను నమ్ముకొని పోయేటోడు.

ఆ మీటర్ల ముచ్చట చెప్పాల్నంటే ఒక మనిషి బతుకు చెప్పాలె. జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. అందరు జేఆర్డీ అంటరు. జెండలు పట్టుకొని తిరిగే నువ్వు సేట్ల కథ చెప్పుడేందని కొందరు నన్ను అడుగుతరు. అడగాల్సిందే. నేను ఆయనకు దండం పెట్టనీకి రాస్తలేను. ఆయన బతుకుల మన పోరగాండ్లకు పనికొచ్చేది ఒకటున్నది, మన జిల్లా మర్చిపోగూడనిది ఇంకొకటున్నది. రెండూ రాస్త.

డిగ్రీ లేని సేటు

1904 జులై 29న పారిస్‌ల పుట్టిండు. తండ్రి ఆర్‌డీ టాటా, జంషెడ్‌జీ టాటాకు చుట్టం. తల్లి సుజాన్, ఫ్రాన్స్ దేశపామె. సముద్రం ఒడ్డున వాళ్లు ఎండకాలం ఉండే ఊర్లనే లూయి బ్లేరియో ఇల్లు కూడ ఉండేది. విమానంల ఇంగ్లిష్ ఛానల్‌ను మొట్టమొదలు దాటిన మనిషి ఆ బ్లేరియోనే. గాయిన విమానాలు ఇసుకల దిగుతాంటె సూసుకుంట జేఆర్డీ పెరిగిండు. పదిహేనేండ్లప్పుడు మొదటిసారి విమానం ఎక్కిండు. ఆ పిచ్చి మళ్ల దిగలేదు.

కేంబ్రిడ్జిల ఇంజనీరింగ్ సదువాల్నని మస్తు ఆశపడ్డడు. తండ్రి కంపెనీ పనికి రమ్మని పిలిచిండు. కాలేజీ డిగ్రీ లేకుంటనే ఆయన బతుకంత ఎల్లిపోయింది. సదువుకోలేదన్న బాధతోని రాత్రిళ్లు పుస్తకాలు ముందటేసుకున్నడు. నేను కూడ బడి నడుమలనే ఆపినోన్ని. హైదరాబాద్ల అబిడ్స్ రోడ్డు మీద ఐతారం అమ్మే పాత పుస్తకాలే నాకు కాలేజీ. గీ ఒక్క కాడ నాకూ ఆ సేటుకూ లంకె కుదురుతది. ఫరకేందంటే, ఆయనకు డిగ్రీ లేకున్నా టాటా కంపెనీ ఉన్నది. మన పోరనికి డిగ్రీ లేకుంటె ఏమున్నది? అది యాది పెట్టుకొనే ముందుకు సదువుండ్రి.

బొంబాయిల ఫ్లయింగ్ క్లబ్ తెరిచిన్రు. పక్కన మాస్టర్ కూసోని నేర్పింది నాలుగు గంటలు కూడ నిండలేదు, జేఆర్డీ ఒక్కడే విమానం లేపిండు. 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు చేతికొచ్చింది. ఈ దేశంల ఇచ్చిన మొట్టమొదటి పైలట్ లైసెన్సు అది. నెంబర్ 1.

అదే ఏడాది సెప్టెంబర్ల అమెరికాల జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ తన సీటు మీద గుడారం లెక్క మూత కప్పుకొని, బయట ఏం కనవడకుంట, మీటర్లను మాత్రమే సూసుకుంట విమానం లేపి మళ్ల దించిండు. అద్దంల నుంచి సూసి నడిపే కాలం పోయి, మీటర్ సూసి నడిపే కాలం అప్పుడు మొదలైంది. జేఆర్డీ బతుకు ఆ రెండు కాలాల నడుమ నడిచింది.

ఇచ్చిన ప్లగ్గులు

ఆగాఖాన్ పెట్టిన ఒక పందెం 1930ల నడిచింది. ఇంగ్లండ్‌కు, ఇండియాకు నడుమ ఒక్కడే విమానం నడుపుకుంట నెల లోపట చేరిన మొదటి భారతీయునికి 500 పౌండ్లు. ముగ్గురు దిగిన్రు. మన్‌మోహన్ సింగ్, పదిహేడేండ్ల పోరడు ఆస్పీ ఇంజనీర్, జేఆర్డీ. జేఆర్డీ కరాచీ నుంచి లండన్ దిక్కు పోతాండు, ఆస్పీ అటుకెల్లి ఇటు వస్తాండు. ఈజిప్టుల అబూకిర్ అనే కాడ ఇద్దరు కలిసిన్రు. స్పార్క్ ప్లగ్గులు లేక ఆస్పీ అక్కడ్నే ఇరుక్కపోయిండు. జేఆర్డీ తన కాడ ఎక్కువున్న ప్లగ్గులు ఆయనకిచ్చిండు. కొన్ని గంటల తేడాతోని ఆస్పీనే గెలిచిండు. ఆ పోరడే తర్వాత భారత వాయుసేనకు అధిపతి అయిండు.

1932 అక్టోబర్ 15. కరాచీల పొద్దుగాల ఆరున్నర దాటినంక పుస్ మాత్ అనే చిన్న విమానం లేచింది. సీట్ల జేఆర్డీ, వెనుక 25 కిలోల టపా. అహ్మదాబాద్ల దిగితే, డబ్బాలల్ల పెట్రోలు ఎడ్లబండి మీద తెచ్చి పోసిన్రు. పగటీలి రెండు కొట్టకముందే బొంబాయి జుహుల దిగిండు. అక్కడికెల్లి టపాను నెవిల్ విన్సెంట్ అనే దోస్తు బళ్లారి మీదికెల్లి మద్రాసుకు కొంటవోయిండు. ఎయిరిండియాకు పునాది గదే.

ఆ విమానంల రేడియో లేదు. ముందట మబ్బున్నదా వాన ఉన్నదా చెప్పేటోడు లేడు. కింద సముద్రం ఒడ్డు, నది, పట్టాలు సూసుకుంట పోవుడే. ఇయ్యాల ఫ్లయింగ్ స్కూల్ల మొదటి రోజు పిల్లలకు చూపెట్టే ఆరు మీటర్లల్ల సగం అప్పుడు ఆయన ముందట లెవ్వు. అవేందో జెర సూద్దాం. ఇంగ్లిష్ పేరు సూసి బుగులు పడే పని లేదు. మనకు తెలిసిన సంగతులే.

ఆరు మీటర్లు

బండి మీద జోరుగ పోతాంటె మొఖానికి గాలి కొడ్తది. బండి ఎంత జోరుగుంటె దెబ్బ అంత గట్టిగుంటది. విమానం రెక్క కింద ముందుకు మూతి పెట్టిన సన్న గొట్టం ఒకటి ఉంటది. దాన్ని పిటో గొట్టమంటరు. 1732ల ఆన్రీ పిటో అనే ఫ్రాన్స్ ఇంజనీరు నది నీళ్ల జోరు కొలువనీకి కనిపెట్టిండు. విమానం ఒంటి పక్కన ఇంకో సన్న బొక్క ఉంటది, దానికి గాలి దెబ్బ తాకది, ఊకె ఉన్న గాలి ఒత్తిడే అందుతది. గొట్టంల ఒత్తిడికెల్లి బొక్కల ఒత్తిడి తీసేస్తె విమానానికి తాకే గాలి జోరు తెలుస్తది. అదే ఎయిర్ స్పీడ్ మీటర్. ఆ గొట్టంల కుమ్మరి పురుగు మట్టి పెట్టి గూడు కట్టిందనుకో, మీటర్ అబద్ధం చెప్తది. అందుకే ఎగిరేముందు పైలట్ విమానం సుట్టు తిరిగి గొట్టం మూతి సూడాలె.

రెండోది ఆల్టీమీటర్. పైకి పోయినకొద్ది గాలి పల్చవడి ఒత్తిడి తగ్గుతది. కింద అయితే సుమారు 28, 30 అడుగులకు ఒక మిల్లీబారు చొప్పున తగ్గుతది. డబ్బాల గాలి తీసేసి మూసిన పల్చటి రేకు ఆ ఒత్తిడి తగ్గంగనే ఉబ్బుతది, ముల్లు తిరుగుతది. కరీంనగర్, ఆదిలాబాద్ పట్నాలు రెండూ సముద్రం కంటె సుమారు 265 మీటర్ల ఎత్తుల ఉన్నయి, అంటే 870 అడుగుల దాంక. ఆ రోజు లెక్కకు మీటర్‌ను సరిచేస్తె, ఆదిలాబాద్ నేల మీద నిలవడ్డ విమానంల ముల్లు సున్నా మీద ఉండది, 870 కాడ ఉంటది. ఇగ బంగాళాఖాతంల అల్పపీడనం పడి మన కాడ ఒత్తిడి పది మిల్లీబార్లు తగ్గిందనుకోండ్రి. పైలట్ మీటర్‌ను సరిచెయ్యకుంట వస్తె అది దగ్గర దగ్గర 300 అడుగులు ఎక్కువ చూపెడ్తది. మబ్బుల నిర్మల్ మహబూబ్ ఘాట్ గుట్టల మీదికెల్లి పోయేటోనికి ఆ 300 అడుగులే పానం.

మూడోది ఎంత జోరుగ ఎక్కుతున్నమో, దిగుతున్నమో చెప్పేది. అది కూడ ఆ ఊకె ఉన్న గాలి ఒత్తిడితోనే నడుస్తది.

మిగిలిన మూడింటికి గురువు మన బొంగరం. జోరుగ తిరిగే బొంగరం పడదు, దాన్ని వంచుదామన్నా వంగది. దాన్ని విమానంల కూసోవెడితె, విమానం ఎటు వంగినా బొంగరం తన దిక్కే ఉంటది. ఆ తేడాను చూపెట్టేదే ఆర్టిఫిషియల్ హొరైజన్, విమానం వంకర ఉన్నదా సాపు ఉన్నదా చెప్పే మీటర్. ఇంకోటి దిక్కు చెప్తది, మూడోది మలుగుడు చెప్తది. దిక్కు చెప్పే బొంగరం మెల్లగ పక్కకు జరుగుతది కాబట్టి పది పదిహేను నిమిషాలకోసారి దాన్ని మామూలు దిక్సూచితోని సరిసూసుకోవాలె.

ఇవన్ని ఎందుకు, మన ఒంటికి తెల్వదా అనిపిస్తది. తెల్వది. మన చెవి లోపలి నీళ్లు మనల్ని మోసం చేస్తయి. రంగుల రాట్నం కొద్దిసేపు ఒక్క జోరుతోని తిరిగితె, కండ్లు మూసుకున్నోనికి నిలవడ్డట్టే ఉంటది. అది ఆగినంక ఉల్టా తిరిగినట్టుంటది. మబ్బుల, చీకట్ల పైలట్‌కు గదే అయితది. అందుకే ఒళ్లు చెప్పింది కాదు, మీటర్ చెప్పింది నమ్మాలె. ఒక్క మీటర్ చెప్పింది కూడ కాదు, రెండు మూడు కలిపి సూసినంకనే నమ్మాలె.

ఇంకొక ముచ్చట, మన ఎండ. ఆదిలాబాద్ల మే నెలల 45 డిగ్రీలు కాలుతదనుకోండ్రి. వేడి గాలి పల్చగుంటది. లెక్క వేస్తె నేల మీద నిలవడ్డ విమానం కూడ 4,500 అడుగుల కంటె ఎక్కువ ఎత్తుల ఉన్నట్టే పనిచేస్తది. ఇంజన్ దమ్ము తగ్గుతది, రెక్కకు పట్టు తగ్గుతది, రన్‌వే ఎక్కువ గావాలె. ఎండకాలం చిన్న విమానాలను పొద్దు పొద్దుగాల్నే ఎందుకు లేపుతరో ఇప్పుడు సమజైందా?

మన బేగంపేట, మన మొగులు

జేఆర్డీ 1938ల, 34 ఏండ్ల వయసుల, టాటా కంపెనీలకు పెద్ద అయిండు. 1945ల నిజాం సర్కారు, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టిన్రు. బేగంపేట దాని ఇల్లు. పెద్దవాటా నిజాంది. డకోటా విమానాలు నడిచేటియి.

ఇక్కడ ఒక ఆడబిడ్డ పేరు చెప్పకుంటె ఈ కథ సగమే. ప్రేమ్ మాథుర్. అలహాబాద్ల ఎగురుడు నేర్చుకొని 1947ల కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్నది. ఆడమనిషి నడిపితె ఎవలెక్కుతరని ఎనిమిది కంపెనీలు పనియ్యలేదు. పనిచ్చింది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. 1949ల జాతీయ విమాన పందెం గెలిచింది. అయినా విమానాన్ని సొంతంగ ఏలే కెప్టెన్ సీటు ఆమెకియ్యలేదు. ఆమె ఆ కొలువు ఇడిసిపెట్టి పోయింది. మీటర్‌కు మొగ ఆడ తెల్వది. తెలిసింది మనుషులకే.

1948 జూన్ 8న ఎయిరిండియా మలబార్ ప్రిన్సెస్ బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదికెల్లి లండన్ పోయింది. అందుల జేఆర్డీ కూడ ఉన్నడు. పైన చెప్పిన రాత్రి టపా పథకాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. లెక్కల నిలవడదన్నడు. మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్‌తోని పంచాయితి పెట్టుకున్నడు. 1953ల సర్కారు విమాన కంపెనీలన్నిటిని తన చేతులకు తీసుకున్నది. డెక్కన్ ఎయిర్‌వేస్ పోయి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ల కలిసింది. జేఆర్డీ దానికి అడ్డం చెప్పిండు. అయినా నెహ్రూ అడిగితె ఎయిరిండియాకు ఛైర్మన్‌గ కూసున్నడు. 25 ఏండ్లు నడిపిండు. విమానం ఎక్కితె కాగితం పట్టుకొని రాసుకునేటోడు. పరదా మురికున్నదా, చాయ రంగు ఎట్లున్నది, బాత్‌రూమ్ కడిగిన్రా.. అన్ని సూసేటోడు. ప్రజల పైసలతోని నడిచే కంపెనీ కూడ దునియల మంచి పేరు తెచ్చుకోవచ్చని ఆ ఏండ్లు చూపెట్టినయి. సర్కారీ సంస్థ అంటెనే పనికిరాదనేటోళ్లకు ఇది నా జవాబు.

ముల్లు నిలవడ్డ రాత్రి

ఆ 25 ఏండ్లల్ల దుఃఖాలు కూడ ఉన్నయి. 1966 జనవరి 24న కాంచన్‌జంగా అనే బోయింగ్ జెనీవా దిక్కు దిగుకుంట మోబ్లాఁ గుట్టను కొట్టింది. 117 మంది పోయిన్రు. అందుల హోమీ భాభా ఉన్నడు, జేఆర్డీకి దోస్తు. విమానం ఏ జాగల ఉన్నదో చెప్పే రేడియో యంత్రాలల్ల ఒకటి పనిచేస్తలేదు. గుట్ట దాటినమనుకొని పైలట్ దించిండు, గుట్ట ఇంకా దాటనే లేదు.

1978 జనవరి 1. ఎయిరిండియా కొన్న మొదటి జంబో, ఎంపరర్ అశోక, రాత్రి బొంబాయిల లేచింది. దుబాయ్ పోవాలె. దుబాయ్ అంటె మన కరీంనగర్, నిజామాబాద్ ఇండ్లకు వేరే చెప్పే పని లేదు. సముద్రం మీదికి రాంగనే జెర కుడికి మలిగి, మళ్ల సాపు అయింది. అయితె కెప్టెన్ ముందటి హొరైజన్ మీటర్ మాత్రం ఇంకా కుడికే వంగినట్టు చూపెట్టింది. కింద నల్లటి నీళ్లు, మీద నల్లటి మొగులు, అద్దంల ఏం కనవడది. కెప్టెన్ ఆ మీటర్‌ను నమ్మి ఎడమకు తిప్పిండు, ఇంకా తిప్పిండు. అక్కడ ఇంకో మీటర్ ఉన్నది, దాని దిక్కు సూసి తేరుకునే టైము దొరకలేదు. లేచినంక రెండు నిమిషాలు కూడ కాలేదు, 213 మంది అరేబియా సముద్రంల కలిసిపోయిన్రు. ఒక ముల్లు నిలవడితె గంత పని అయితది. గిప్పటికీ పైలట్లకు మీటర్లు కలిపి సూసుడు నేర్పెటప్పుడు ఈ సంగతి చెప్తరు.

నెల తిరిగింది. 1978 ఫిబ్రవరిల మొరార్జీ సర్కారు జేఆర్డీని ఎయిరిండియా నుంచి తీసేసింది. ఆయన జాగల మాజీ వాయుసేనాధిపతి పీసీ లాల్‌ను పెట్టిన్రు. తీసేస్తున్నమని పెద్దమనిషికి ముందుగాల ఒక మాట కూడ సక్కగ చెప్పలేదు.

ఇగ నేను రాయాల్సిన రెండో ముచ్చట. ఎమర్జెన్సీని జేఆర్డీ సమర్థించిండు. సమ్మెలు లెవ్వు, అంత కట్టుబాటుల ఉన్నదని ఆయనకు మంచిగనిపించింది. అదే ఎమర్జెన్సీల, 1975 డిసెంబర్ 1న, మన ఆదిలాబాద్ రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్ల ఉరి తీసిన్రు. దేశదేశాల పెద్దలు వద్దని మొత్తుకున్నా సర్కారు ఇనలేదు. పరదా మీది మరక కనవడ్డ ఆ కండ్లకు గీ ఉరితాడు కనవడలేదు. మంచి పైలట్ అయినోడు అన్నిట్ల మంచిగ సూస్తడని లేదు. సేట్ల కథలు అచ్చేసే పుస్తకాలు ఈ పేజీ రాయయి. మన జిల్లా రాసుకోవాలె.

1982 అక్టోబర్ 15న, 78 ఏండ్ల వయసుల, జేఆర్డీ మళ్ల పాత తీరు చిన్న విమానంల కరాచీ నుంచి బొంబాయికి ఒక్కడే నడుపుకుంట వచ్చిండు. అప్పటి పోరగాండ్లల్ల ఆశ సచ్చిపోతాందని, దాన్ని లేపాల్నని ఆయన కోరిక. 1992ల భారతరత్న ఇచ్చిన్రు. 1993 నవంబర్ 29న జెనీవాల పాణమిడిసిండు. పారిస్‌ల బొంద పెట్టిన్రు. 2022 జనవరిల ఎయిరిండియా మళ్ల టాటాల చేతికే పోయింది. ప్రజల పైసలతోని పెరిగినది గట్ల పోవుడు నాకు నచ్చలేదు. అది ఇంకో వ్యాసం.

ఇగ మన సంగతి

తమ్ముండ్లు, చెల్లెండ్లు.. ఈ సదువు మొగుల మీద లేదు. 18 ఏండ్లు నిండాలె, ఇంటర్ల ఫిజిక్స్, మాథ్స్ ఉండాలె. వేరే గ్రూపు సదివినోళ్లు ఆ రెండు సబ్జెక్టులు ఓపెన్ స్కూల్ల రాసుకున్నా నడుస్తది. డాక్టర్ పరీక్ష పాస్ గావాలె. నావిగేషన్, వాతావరణం, విమాన చట్టాలు, టెక్నికల్ పరీక్షలల్ల నూటికి 70 రావాలె. 200 గంటలు ఎగరాలె. మొదటి నాలుగిటికి మన పోరడు ఎవనికీ తక్కువ కాదు. బొంగరం తెలిసినోనికి గైరో తెలుస్తది, బాయి మోటర్ బిగిచ్చినోనికి ఒత్తిడి తెలుస్తది. అడ్డం పడేది ఆఖరుదే. ఆ 200 గంటలకు యాభై లక్షల దాంక అడుగుతరు. ఐదెకరాలు అమ్మినా కొన్ని ఊర్లల్ల గన్ని పైసలు రావు.

అందుకే ఇంకొక మాట జాగ్రత్తగ ఇనుండ్రి. మా తాలూకాల ఒకాయన బోర్డు పెట్టి, ఏడాదిల పైలట్ చేస్తనని చెప్పి, పిల్లల కాడ లక్షలు వసూలు చేసి తాళమేసి పోయిండు. ఆ తల్లిదండ్రులతోని నేను ఠాణా సుట్టు తిరిగిన. ఎవలన్న గట్ల వస్తె ముందుగాల ఒకటే అడుగుండ్రి. నీ స్కూలుకు డీజీసీఏ అనుమతి ఉన్నదా? కాగితం చూపెట్టు. డీజీసీఏ వెబ్‌సైట్ల ఆ పేరు లేకుంటె ఒక్క రూపాయి ఇయ్యకుండ్రి.

ఆదిలాబాద్ల పాత విమాన మైదానం జాగ ఉన్నది. బసంత్‌నగర్ల సిమెంట్ ఫ్యాక్టరీ కాడ రన్‌వే ఉన్నది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్ల ఎయిర్‌పోర్టు ముచ్చట లేస్తది. వస్తె రానియ్యుండ్రి. రైతు భూమి పోతె సరైన పరిహారం ఇయ్యాలె, అది మొదటి మాట. రెండో మాట, ఆ గేటు కాడ సెక్యూరిటీ డ్రెస్సు, లోపల చీపురు మాత్రమే మన పోరగాండ్లకు ఇస్తమంటె ఒప్పుకోం. సర్కారు పైసలతోని నడిచే ఫ్లయింగ్ స్కూలు ఒకటి ఈ రెండు జిల్లాలల్ల పెట్టాలె. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, అందుల ఆడపిల్లలకు ముందుగాల, ఆ 200 గంటల ఖర్చు సర్కారే పెట్టుకోవాలె. విమాన మెకానిక్కు సదువు ఐటీఐలల్ల చెప్పాలె. ప్రతి సర్కారు బడిల ఫిజిక్స్ సార్ ఉండాలె.

వచ్చే గ్రామసభల గీ మూడు అడుగుండ్రి. తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించి, కలెక్టర్ ఆఫీసుల ఇచ్చి, రసీదు తీసుకోండ్రి.